వీటీఎఫ్ ఫైల్లోంచి బొమ్మను బయటికి తీయడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం గేముల్లోని బొమ్మల ఫైళ్లకే ఇచ్చేశాం. కాకినాడ నుంచి వచ్చిన ఉత్తరంతో మొదలుపెడుతున్నాం. మిగతావీ దాని చుట్టూ తిరిగేవే కాబట్టి అన్నీ కలిపి వేస్తున్నాం.

ప్రశ్న: 2009లో ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు లాన్‌లో కౌంటర్-స్ట్రైక్ సోర్స్ ఆడేవాళ్లం. ఆటలో గోడల మీద కొట్టే స్ప్రే కోసం మా రూమ్మేట్ మా నలుగురి ముఖాలూ పెన్సిల్‌తో గీసి, స్కాన్ చేసి పెట్టాడు. ఆ కాగితం ఇప్పుడు లేదు, స్కాన్ ఫైలూ లేదు. పాత హార్డ్ డిస్క్‌లో ఆ పేరుతో రెండు ఫైళ్లు దొరికాయి, ఒకటి వీటీఎఫ్, ఇంకోటి వీఎంటీ. ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి అని విండోస్ నన్నే అడుగుతోంది. పేరు మార్చి జేపీజీ అని పెట్టినా తెరుచుకోలేదు. బొమ్మ ఉన్నట్టా, పోయినట్టా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఉండే అవకాశమే చాలా ఎక్కువ, టెన్షన్ పడకండి. కాకపోతే తెరిచే ప్రయత్నం మొదలుపెట్టే ముందు ఆ రెండు ఫైళ్లనూ ఒక పెన్ డ్రైవ్‌లోకీ, ఆన్‌లైన్‌లో ఇంకో చోటికీ కాపీ చేసుకోండి, ఆ తర్వాత ఏం చేసినా కాపీల మీదే చేయండి. అన్నేళ్ల నాటి హార్డ్ డిస్క్ ఈరోజు తిరిగింది కదా అని రేపూ తిరుగుతుందని చెప్పలేం. జేపీజీ అని మార్చిన పేరును మళ్లీ వీటీఎఫ్‌గా మార్చేయండి. పేరు మారిస్తే లోపలి డేటా మారదు, అందుకే బొమ్మ రాలేదు, అందుకే చెడిపోనూ లేదు.

వీటీఎఫ్ అంటే వాల్వ్ టెక్స్చర్ ఫార్మాట్. టెక్స్చర్ అంటే ఆటలో వస్తువుల మీద అతికించే బొమ్మ. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ తన సోర్స్ ఇంజిన్ (ఆటలను నడిపించే మూల ప్రోగ్రామ్) కోసం తయారు చేసుకున్న సొంత ఫార్మాట్ ఇది. 2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2, కౌంటర్-స్ట్రైక్ సోర్స్ మొదలుకొని పోర్టల్, టీమ్ ఫోర్ట్రెస్ 2, లెఫ్ట్ 4 డెడ్, గ్యారీస్ మాడ్ దాకా ఆ ఇంజిన్ మీద నడిచే ఆటల్లో కనిపించే గోడ, నేల, తుపాకీ, మనిషి ముఖం అన్నీ ఈ ఫైళ్లలోనే ఉంటాయి. ఆట బయట ఎవరికీ అవసరం ఉండదు కాబట్టి విండోస్‌లో దీన్ని చదివే ఏర్పాటు పెట్టలేదు. రెండో ఫైలు, వీఎంటీ, అసలు బొమ్మే కాదు, మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, నాలుగైదు వరుసల్లో ఏ బొమ్మ వాడాలి, అది పారదర్శకంగా ఉండాలా లేదా అన్న సంగతులు రాసి ఉంటాయి. అది లేకపోయినా బొమ్మ బయటికి వస్తుంది, కానీ పారేయకండి, ఎందుకో కింద వరంగల్ విద్యార్థి ప్రశ్నలో చెప్పాను.

తెరవడానికి వీటీఎఫ్‌ఎడిట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది, విండోస్‌లో నడుస్తుంది. పాత వెర్షన్ ఆగిపోయాక రీలోడెడ్ అనే పేరుతో కొత్తది కూడా వచ్చింది, ఏదైనా మీ పనికి సరిపోతుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి మీ వీటీఎఫ్‌ను ఎంచుకుంటే బొమ్మ కనిపిస్తుంది, అదే మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి పీఎన్‌జీగా సేవ్ చేసుకోండి. జేపీజీ వద్దు, ఎందుకంటే ఇప్పటికే ఒకసారి నాణ్యత తగ్గించి దాచిన బొమ్మ అది, జేపీజీ చేస్తే ఇంకోసారి తగ్గుతుంది, పైగా పారదర్శకత మొత్తం పోతుంది.

ఒకవేళ తెరుచుకోక ఎర్రర్ వస్తే అక్కడితో వదిలేయకండి. హెచ్ఎక్స్‌డీ లాంటి ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో తెరవండి, ఫైలు లోపలి బైట్లు అంకెల జంటలుగా కనిపిస్తాయి. మొదటి నాలుగు బైట్లు 56 54 46 00 అయి ఉండాలి, అవి వీ, టీ, ఎఫ్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఆ తర్వాత ఒక సున్నా. ఇవి ఉంటే ఎక్స్‌టెన్షన్ ఏదైనా అది వీటీఎఫ్ ఫైలే. ఆ తర్వాత 07 00 00 00 02 00 00 00 అని ఉంటే వెర్షన్ 7.2 అన్నమాట. పదహారు బైట్లు దాటాక, అంటే రెండో వరుస మొదట్లో, వెడల్పు, ఎత్తు ఉంటాయి. 00 01 00 01 అని కనిపిస్తే 256 బై 256, చిన్న బైట్ ముందు రాయడం వీళ్ల పద్ధతి కాబట్టి కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. మొదటి బైటును సున్నాగా లెక్కపెడితే 52వ బైటులో కంప్రెషన్ రకం, అంటే బొమ్మను కుదించి దాచిన పద్ధతి ఉంటుంది (దాని సంగతి కింద నెల్లూరు ప్రశ్నలో చెప్పాను), హెక్స్‌లో సున్నా-డీ అంటే డీఎక్స్‌టీ1, సున్నా-ఎఫ్ అంటే డీఎక్స్‌టీ5.

ఇంత దూరం వెళ్లమనడానికి కారణం ఉంది. ఈ ఫార్మాట్‌లో ఫైలు సైజు ఎంత ఉండాలో కాగితం మీద లెక్క వేసి చెప్పొచ్చు. 256 బై 256 బొమ్మ, డీఎక్స్‌టీ1, వెర్షన్ 7.2 అనుకుందాం. హెడర్, అంటే మొదట్లో వివరాలుండే భాగం, 80 బైట్లు. దాని వెంటనే 16 బై 16 బుల్లి నమూనా బొమ్మ 128 బైట్లు. ఆ తర్వాత అసలు బొమ్మ, ఒకే సైజులో కాదు, 1 బై 1 నుంచి మొదలై 2, 4, 8 అలా పెరుగుతూ 256 దాకా తొమ్మిది సైజుల్లో, అన్నీ కలిపి 43,704 బైట్లు. మొత్తం 43,912. మీ ఫైల్ ప్రాపర్టీస్‌లో సరిగ్గా ఆ అంకె ఉంటే ఫైలు తెగిపోకుండా మొత్తం ఉన్నట్టే. డీఎక్స్‌టీ5 అయితే 87,616. చిన్న సైజులు లేకుండా ఒక్క పెద్ద బొమ్మే పెట్టి ఉంటే డీఎక్స్‌టీ1కి 32,976. మీ ఫైలుకు రావాల్సిన లెక్క కంటే తక్కువ ఉంటే కాపీ చేసేటప్పుడు సగంలో తెగిందన్నమాట, అప్పుడు కూడా ఆశ ఉంది: వీటీఎఫ్‌లో చిన్న సైజులు ముందు, పెద్దది చివర ఉంటాయి కాబట్టి 128 బై 128 బొమ్మ దాకా దొరికే వీలుంటుంది. సైజు సరిపోయింది కానీ హెక్స్ ఎడిటర్‌లో అన్నీ సున్నాలే కనిపిస్తున్నాయంటే మాత్రం హార్డ్ డిస్క్ ఆ భాగాన్ని పోగొట్టుకున్నట్టు, దాన్ని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు.

బొమ్మ వచ్చాక నిరాశ పడకుండా ఉండడానికి ఒక మాట. స్కాన్‌లో ఎంత వివరంగా ఉన్నా, ఆటలోకి వెళ్లేటప్పుడు 256కో 512కో కుదించేసి ఉంటారు. ఆ కుదించిన బొమ్మే మీకు దక్కుతుంది. ఏఐతో పెద్దది చేస్తామనే యాప్‌లు చాలా ఉన్నాయి కానీ అవి మీ స్నేహితుల ముఖాల్లో లేని గీతలు కల్పించి పెడతాయి, చేత్తో గీసిన బొమ్మకు ఆ పని చేయించవద్దని నా గట్టి సలహా. ఇంకో సంగతి, పెన్సిల్ గీతల బూడిద రంగులో అక్కడక్కడ లేత ఆకుపచ్చ, ఊదా ఛాయలు కనిపించవచ్చు. డీఎక్స్‌టీలో ఎరుపుకూ నీలానికీ 5 బిట్లు, ఆకుపచ్చకు 6 బిట్లు ఇస్తారు, మూడూ సమానంగా లేకపోవడంతో బూడిద రంగు కచ్చితంగా బూడిదగా నిలవదు. మీది పెన్సిల్ బొమ్మ కాబట్టి దీనికి సులువైన మందు ఉంది, గింప్ అనే ఉచిత బొమ్మల ఎడిటర్‌లో తెరిచి గ్రేస్కేల్ చేసేయండి, ఆ ఛాయలు పోతాయి, మీ రూమ్మేట్ గీసిన గీతకు ఏమీ కాదు.

ఆ హార్డ్ డిస్క్‌లో ఆట ఫోల్డర్ కూడా ఉంటే సీస్ట్రైక్ ఫోల్డర్ లోపల మెటీరియల్స్, వీగుయ్, లోగోస్ వరుసగా తెరిచి చూడండి, మీ పాత స్ప్రేలు ఇంకా ఉండొచ్చు. మీతో ఆడినవాళ్ల స్ప్రేలు కూడా మీ కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ అయ్యి ఉంటాయి, అవి కొన్నిసార్లు డీఏటీ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి, హెక్స్ ఎడిటర్‌లో 56 54 46 00 కనిపిస్తే పేరు వీటీఎఫ్‌గా మార్చి తెరవడమే.

ప్రశ్న: సోర్స్ ఇంజిన్ మోడల్ ఒకటి బ్లెండర్‌లో (3డీ బొమ్మలు చేసే ప్రోగ్రామ్) పెట్టి లైటింగ్ నేర్చుకుంటున్నాను. వీటీఎఫ్‌లను పీఎన్‌జీగా మారిస్తే కొన్ని సగం మాయమై, పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఇంకొన్ని మొత్తం నీలం-ఊదా రంగులో వస్తున్నాయి. కన్వర్టర్ పాడుచేసిందా?
(ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: కన్వర్టర్ తప్పేమీ లేదు, ఉన్నది ఉన్నట్టే తీసింది. ఈ అనుమానం వచ్చి మంచి ఫైళ్లను పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మనకు అలవాటైన పీఎన్‌జీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాక నాలుగోది ఆల్ఫా ఛానల్, అది పారదర్శకత. గేముల వాళ్లకు అలాంటి నియమం లేదు. ఆల్ఫా అంటే వాళ్లకు పిక్సెల్‌కు ఒక ఖాళీ అంకె, దాంట్లో ఏం కావాలంటే అది దాస్తారు. ఇనుప తలుపు బొమ్మ ఉందనుకోండి, ఎక్కడ మెరవాలి, ఎక్కడ తుప్పు పట్టి మెరవకూడదు అన్నది ఆల్ఫాలో పెడతారు. సోర్స్ ఇంజిన్‌లో ఈ లెక్క తిరగేసి ఉంటుంది, బాగా మెరవాల్సిన చోట ఆల్ఫా సున్నా. దాన్ని పీఎన్‌జీగా తెరిస్తే మీ వ్యూయర్ సున్నాను చూసి పారదర్శకత అనుకుని మెరిసే భాగం మొత్తం మాయం చేస్తుంది, రంగులు మాత్రం కింద భద్రంగానే ఉంటాయి.

ఏది ఏమిటో చెప్పేది వీఎంటీ. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. డాలర్ గుర్తుతో మొదలయ్యే మాటల్లో ట్రాన్స్‌లూసెంట్ గానీ ఆల్ఫాటెస్ట్ గానీ ఉంటే ఆల్ఫా నిజంగానే పారదర్శకత, చెట్ల ఆకులు, కంచెలు, గాజు లాంటివాటికి. బేస్‌ఆల్ఫా ఎన్వ్‌మ్యాప్ మాస్క్ అని ఉంటే అది మెరుపు లెక్క. అప్పుడు బ్లెండర్‌లో ఆ ఇమేజ్ నోడ్‌కి ఆల్ఫా సెట్టింగ్‌ను ఛానల్ ప్యాక్డ్‌కు మార్చండి, రంగు ఒకవైపు, ఆల్ఫా ఇంకోవైపు విడివిడిగా వాడుకోవచ్చు. వీటీఎఫ్‌ఎడిట్‌లో వ్యూ మెనూలో మాస్క్ ఆన్, ఆఫ్ చేసి చూసినా తేడా వెంటనే తెలుస్తుంది.

నీలం-ఊదా బొమ్మలు నార్మల్ మ్యాప్‌లు. అవి కంటికోసం చేసిన బొమ్మలు కావు, ప్రతి పిక్సెల్ దగ్గర ఉపరితలం ఏ వైపు తిరిగి ఉందో చెప్పే అంకెలు, వాటిని రంగుల రూపంలో దాచారంతే. రంగు బాగాలేదని బ్రైట్‌నెస్ గానీ కాంట్రాస్ట్ గానీ మార్చారంటే ఆ అంకెలన్నీ తప్పుతాయి. బ్లెండర్‌లో వీటి కలర్ స్పేస్‌ను నాన్-కలర్‌గా పెట్టాలి. దాంతో పాటు ఇంకొకటి ఉంది, ఇది తెలియక లైట్ ఎటువైపు పెట్టినా గుంటలు ఉబ్బుగా, ఉబ్బులు గుంటగా కనిపించి తల పట్టుకుంటారు: గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మ గీయించే రెండు వ్యవస్థల్లో సోర్స్ ఇంజిన్ డైరెక్ట్ఎక్స్ పద్ధతి పాటిస్తుంది, బ్లెండర్ ఓపెన్‌జీఎల్ పద్ధతి. రెండింటిలో ఆకుపచ్చ ఛానల్ దిక్కు తలకిందులు. సెపరేట్ కలర్ నోడ్‌తో ఆకుపచ్చను విడదీసి, తిరగేసి, మళ్లీ కలిపితే సరి. ఆ నార్మల్ మ్యాప్ ఆల్ఫాలో కూడా ఏదో ఉంటే అది ఎక్కువగా పాత్రల మీద మెరుపుకు వాడే ఫాంగ్ మాస్క్, దాన్నీ వదలొద్దు. ఇవన్నీ చేత్తో చేయడం విసుగనిపిస్తే సోర్స్ఐవో అనే యాడ్-ఆన్ మోడల్‌ను, టెక్స్చర్లను కలిపి బ్లెండర్‌లోకి తెస్తుంది, కానీ ముందు ఒక్క మోడల్ అయినా చేత్తో చేయండి. లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్లకే యాడ్-ఆన్ తప్పు చేసినప్పుడు దిద్దుకోవడం వస్తుంది.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకండీ? అందరికీ తెలిసిన పీఎన్‌జీ, జేపీజీ ఉన్నాయి కదా. సొంత ఫార్మాట్ పెట్టుకునేది మనల్ని బయట ఉంచడానికేనా?
(డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, నెల్లూరు)

జవాబు: మీ అనుమానం అర్థమైంది, కొన్ని కంపెనీల విషయంలో నిజం కూడా, కానీ ఇక్కడ అసలు కారణం వేరు. జేపీజీ గానీ పీఎన్‌జీ గానీ డిస్క్ మీద చిన్నగా ఉంటాయి, తెరిచేసరికి మొత్తం విప్పాలి. 1024 బై 1024 బొమ్మ విప్పితే ఆల్ఫాతో కలిపి మెమరీలో 4 ఎంబీ, జేపీజీ ఫైలు ఎంత చిన్నదైనా సరే. ఆటలో ఒకేసారి వందల బొమ్మలు కావాలి, 2004 నాటి గ్రాఫిక్స్ కార్డుల్లో ఉన్న మెమరీకి అది మోయలేని బరువు.

ఈ ఇబ్బందికి ఎస్3 అనే కంపెనీ అంతకు ముందే వేరే దారి పట్టింది. దాన్నే 1998లో డైరెక్ట్ఎక్స్ 6తో మైక్రోసాఫ్ట్ తీసుకుంది, అప్పటి నుంచి డీఎక్స్‌టీ అన్న పేరు స్థిరపడింది. గళ్ల నోటుపుస్తకంలోలా బొమ్మను నాలుగు బై నాలుగు పిక్సెళ్ల గళ్లుగా విడగొడతారు. ప్రతి గడికీ రెండే రంగులు రాస్తారు, ఒక్కోదానికి 16 బిట్లు. ఆ రెండింటి మధ్యలో వచ్చే మరో రెండు రంగులను కార్డే లెక్కకట్టుకుంటుంది. ఇక గడిలోని పదహారు పిక్సెళ్లలో ప్రతిదానికీ ఈ నాలుగు రంగుల్లో ఏది అని చెప్పడానికి 2 బిట్లు చాలు. మొత్తం గడికి 8 బైట్లు. మామూలుగా రాస్తే మూడు రంగులకు 48 బైట్లు అయ్యేది, ఆరో వంతుకు దిగిపోయింది. ఇందాకటి 4 ఎంబీ బొమ్మ 512 కేబీలో సరిపోతుంది, దాన్ని విప్పకుండా అలాగే మెమరీలో ఉంచుకుంటారు. ఏ పిక్సెల్ కావాలన్నా అది ఏ గడిలో ఉందో కూడికతో తెలిసిపోతుంది, ఆ 8 బైట్లు చదివితే చాలు. జేపీజీలో మధ్యలో ఒక పిక్సెల్ కావాలంటే అలా నేరుగా వెళ్లడం కుదరదు. డీఎక్స్‌టీ5లో దీనికి తోడు ఆల్ఫాకు ఇంకో 8 బైట్లు ఉంటాయి, అందుకే సైజు రెట్టింపు.

నష్టం లేదని కాదు. ఒక గడిలో ఎరుపు, పచ్చ, నీలం మూడూ పడ్డాయంటే రెండు రంగుల మధ్య గీత మీద వాటిని ఇమడ్చలేక మురికి రంగు వస్తుంది. ఆకాశం లాంటి మెల్లగా మారే రంగుల్లో చారలు పడతాయి. రాళ్లు, ఇటుకలు, చెక్క మీద అసలు కనిపెట్టలేం.

వీటీఎఫ్ చేసే పని ఈ గళ్లను మోయడం, దానికి తోడు ఆటకు కావాల్సిన సంగతులు చేర్చడం: దూరంగా ఉన్నప్పుడు వాడే చిన్న సైజులు, కదిలే బొమ్మలైతే ఫ్రేములు, చుట్టూ ఉన్న గది ప్రతిబింబమైతే ఆరు ముఖాలు, గోడ మీద పడ్డ వెలుతురు ఏ రంగులో తిరిగి రావాలో చెప్పే మూడు అంకెలు. పీఎన్‌జీలో వీటికి చోటు లేదు. ఇక మనల్ని బయట ఉంచడం సంగతి, వాల్వ్ ఈ ఫార్మాట్ వివరాలు దాచలేదు, అందుకే ఇన్ని ఉచిత టూల్స్ వచ్చాయి, ఆ ఇంజిన్‌కు మాడ్‌లు చేసుకునే కోడ్ సామగ్రి సోర్స్ ఎస్‌డీకే 2013ను కూడా గిట్‌హబ్ సైటులో పెట్టింది. నిజంగా తలుపు మూసింది ఎస్3 పేటెంట్. దాని వల్ల లినక్స్‌లో ఉచిత గ్రాఫిక్స్ డ్రైవర్లు ఏళ్ల తరబడి ఈ కంప్రెషన్‌ను నేరుగా పెట్టుకోలేకపోయాయి, అమెరికాలో 2017 అక్టోబర్‌లో పేటెంట్ గడువు తీరాకే ఆ చిక్కు వీడింది. ఒక గణిత పద్ధతి మీద అన్నేళ్లు కాపలా పెట్టడం నాకైతే అప్పుడూ న్యాయంగా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ప్రశ్న: నా దగ్గర ఉన్నవి డీడీఎస్ ఫైళ్లు. అవీ ఇవీ ఒకటేనా?
(పాఠకురాలు, తిరుపతి)

జవాబు: దగ్గరి చుట్టాలు. డీడీఎస్ మైక్రోసాఫ్ట్‌ది, 1999లో డైరెక్ట్ఎక్స్ 7తో వచ్చింది, లోపల అవే డీఎక్స్‌టీ గళ్లు. మొదటి నాలుగు బైట్లు 44 44 53 20. హెడర్ మొత్తం కలిపి 128 బైట్లు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా మొదటి వరుసల్లో డీఎక్స్‌టీ1 లాంటి మాట ఇంగ్లిష్‌లో కంటికి కనిపిస్తుంది. డీఎక్స్10 అని కనిపిస్తే కొత్త రకం, దానికి ఇంకో 20 బైట్ల హెడర్ అదనం, పాత వ్యూయర్లు అక్కడే ఆగిపోతాయి. వీటీఎఫ్‌కి దీనికి పెద్ద తేడా వరుసలో ఉంది, డీడీఎస్‌లో పెద్ద బొమ్మ ముందు వస్తుంది. పెయింట్ డాట్ నెట్, గింప్ కొత్త వెర్షన్లు దీన్ని నేరుగా తెరుస్తాయి, వేరే ప్లగిన్ అక్కర్లేదు. గింప్‌లో తెరవనిది ఉంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే టెక్స్‌కన్వ్ ప్రయత్నించండి, కమాండ్ లైన్ అని భయపడకండి, ఒక్క వరుస టైప్ చేస్తే చాలు.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అబ్బాయి గేమ్ బొమ్మలు తెరవడానికని ఏదో ఓపెనర్ డౌన్‌లోడ్ చేశాడు. అప్పటి నుంచి కంప్యూటర్ నిండా ప్రకటనలే. ఫార్మాట్ చేయించాలా?
(గృహిణి, ఖమ్మం)

జవాబు: అమ్మా, ముందు బాబును తిట్టకండి, వాడు వెతికింది మంచి పనికే. ఫలానా ఫైల్ తెరవాలంటే మా ఓపెనర్ దించుకోండి అని ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ ఒక పేజీ పెట్టి, అన్నిటికీ ఒకే ప్రోగ్రామ్ అంటగట్టే సైట్లు ఉన్నాయి, ఆ ప్రోగ్రామ్ ఏ ఫైలూ తెరవదు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీ వరుసలో పెట్టి, ఆరోజు చేరినవన్నీ తీసేయండి. బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లు ఉంటే తొలగించండి, విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసి ఉంటే పాస్‌వర్డ్‌లు ఇంకో ఫోన్ నుంచి మార్చేయండి. ఇవన్నీ చేశాక కూడా ప్రకటనలు వస్తుంటే అప్పుడు ఫార్మాట్ చేయించండి, ఫొటోలు ముందే కాపీ చేసుకుని.

ఇంకొకటి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. మామూలుగా విండోస్ చివరి ఎక్స్‌టెన్షన్‌ను దాచేస్తుంది, దాంతో చివర ఈఎక్స్ఈ ఉన్న ప్రోగ్రామ్ కూడా బొమ్మ ఫైలులా కనిపిస్తుంది. బొమ్మ ఫైలు డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ చేయాలా అని ఎప్పుడూ అడగదు.

ప్రశ్న: అన్నా, జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆటలో గోడల మీద మా ఊరి జాతర ఫొటోలు పెట్టాలనుంది. టెక్స్చర్లు టీఎక్స్‌డీలో ఉన్నాయట. వీటీఎఫ్‌ఎడిట్‌లో తెరుచుకోవట్లేదు.
(ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: తెరుచుకోదు తమ్ముడూ, అది వేరే వంశం. జీటీఏ వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ రెండూ రెండర్‌వేర్ అనే ఇంజిన్ మీద నడుస్తాయి, టీఎక్స్‌డీ దాని ఫార్మాట్, ఒకే ఫైల్లో చాలా బొమ్మలు పేర్లతో సహా ఉంటాయి. మొదటి బైట్లు 16 00 00 00. మ్యాజిక్ టీఎక్స్‌డీ అనే ఉచిత టూల్‌లో తెరువు. నీ ఫొటోను పాత బొమ్మ ఉన్న సైజులోనే, 256, 512 లాంటి కొలతల్లో తయారు చేసి, ఆ బొమ్మను ఎంచుకుని రీప్లేస్ చెయ్యి. పేరు మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకు, గోడ మోడల్ ఆ పేరుతోనే బొమ్మను వెతుక్కుంటుంది, దొరక్కపోతే తెల్లగా మిగిలిపోతుంది. టీఎక్స్‌డీలు ఎక్కువగా జీటీఏ3 అనే ఐఎంజీ ఫైల్లో ఉంటాయి, దాన్ని ముట్టుకునే ముందు కాపీ తీసి పెట్టుకో. ఇదంతా కంప్యూటర్ వెర్షన్‌కే, ఫోన్ వెర్షన్‌లో ప్యాకింగ్ వేరు. జాతర ఫొటోలు నువ్వు తీసినవే కాబట్టి చక్కగా పెట్టుకో, పూర్తయ్యాక స్క్రీన్‌షాట్ మాకు పంపు, తప్పకుండా చూస్తాం.

ప్రశ్న: కౌంటర్-స్ట్రైక్ 2 ఫోల్డర్ మొత్తం వెతికినా ఒక్క వీటీఎఫ్ లేదు.
(పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఉండదు. 2023లో వచ్చిన ఆ ఆట సోర్స్ 2 ఇంజిన్ మీద నడుస్తుంది, అక్కడ టెక్స్చర్ల పేర్లు వీటెక్స్-సీతో ముగుస్తాయి, సోర్స్ 2 వ్యూయర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరవండి. పాత ఆటల్లో కూడా చాలావరకు వీటీఎఫ్‌లు విడిగా కనిపించవు, వీపీకే అనే పెద్ద మూటల్లో ఉంటాయి. 000, 001 అని అంకెలున్నవాటిని కాకుండా పేరు చివర డిర్ అని ఉన్నదాన్ని జీసీఎఫ్‌స్కేప్ అనే ప్రోగ్రామ్‌లో తెరవాలి, ఎందుకంటే ఏ ఫైలు ఏ మూటలో ఉందో చెప్పే పట్టిక అందులోనే ఉంటుంది. చూసుకోవడం, నేర్చుకోవడం వరకు ఇబ్బంది లేదు, కానీ ఆ బొమ్మల హక్కులు కంపెనీవి, మీ సొంత ఆటలో పెట్టి అమ్మడానికి వీల్లేదు. గోడలు పారదర్శకం చేసి ఆన్‌లైన్‌లో ఆడే ఆలోచన ఉంటే అది మోసం, బ్యాన్ అవుతారు.

ప్రశ్న: మేం కొందరం కలిసి ఒకప్పుడు గ్యారీస్ మాడ్‌కి మ్యాప్‌లు చేసేవాళ్లం. మా సొంత టెక్స్చర్లు వేలల్లో ఉన్నాయి, అన్నీ వీటీఎఫ్‌లే. ఒక్కొక్కటి తెరిచి మార్చడం సాధ్యం కాదు. దారి ఉందా?
(తెలుగు పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: రెండు దారులు. వీటీఎఫ్‌ఎడిట్ చేసినవాళ్లదే వీటీఎఫ్‌సీఎండీ అనే కమాండ్ లైన్ టూల్ ఉంది, ఫోల్డర్ చూపించి, ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్ పీఎన్‌జీ అని చెప్తే వరుసగా మార్చుకుంటూ పోతుంది. పైథాన్ తెలిసినవాళ్లయితే ఎస్ఆర్‌సీటూల్స్ అనే లైబ్రరీ వీటీఎఫ్ చదువుతుంది, మీరే చిన్న స్క్రిప్ట్ రాసుకోవచ్చు, మ్యాక్, లినక్స్‌లో కూడా నడుస్తుంది.

స్క్రిప్ట్ రాస్తే మాత్రం ఒక్క పీఎన్‌జీ తీసి ఊరుకోవద్దు. ప్రతి ఫైల్లో ఫ్రేములు ఎన్ని, ముఖాలు ఎన్ని అని అడిగి అన్నీ తీయించండి, లేకపోతే కదిలే నీళ్ల బొమ్మలో మొదటి ఫ్రేమ్ ఒక్కటే మిగులుతుంది. ఆల్ఫాను విడిగా ఇంకో బూడిద రంగు పీఎన్‌జీగా దాచండి. వెడల్పు, ఎత్తు, కంప్రెషన్ రకం, ఫ్లాగ్స్ ఒక టెక్స్ట్ ఫైల్లో రాయించండి, వీఎంటీలను అదే ఫోల్డర్ అమరికతో కాపీ చేయించండి, వాటిలో ఉన్న దారులు ఫోల్డర్ పేర్ల మీదే ఆధారపడతాయి. అయ్యాక యాదృచ్ఛికంగా కొన్ని తెరిచి ఆటలోని స్క్రీన్‌షాట్లతో పోల్చి చూడండి. అసలు వీటీఎఫ్‌లను తీసేయకండి. ఎప్పుడైనా మళ్లీ ఆటలో పెట్టాల్సి వస్తే పీఎన్‌జీ నుంచి తిరిగి డీఎక్స్‌టీ చేయాలి, అలా చేసిన ప్రతిసారీ రంగులు కొంచెం జారతాయి. మీలో ఎవరి దగ్గరైనా మొదట్లో చేసిన టీజీఏ, ఫొటోషాప్ ఫైళ్లు ఉన్నాయేమో అడగండి, ఒక్క టెక్స్చర్‌కు దొరికినా దాని వీటీఎఫ్ కంటే అదే విలువైనది.